కిరాయా ఇల్లు, హమ్‌సాయా హక్కు

"అందలుస్ వెళ్తున్నాం భాయ్. గ్రనాడాలో అల్హమ్రా కనిపించే ఇల్లు కిరాయాకి దొరుకుతోంది. తీసుకోమంటావా?" అని ఈ మధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఉమ్రా చేసొచ్చారు, టర్కీ చూసొచ్చారు, ఇక అందలుస్ అంటున్నారు. నేను ఒకసారి అలాంటి ఇంట్లో నాలుగు రాత్రులు ఉండి వచ్చాను కాబట్టి నన్ను అడుగుతారు. ఇన్నాళ్ళూ "బాగుంటుంది, వెళ్ళండి" అని ఊరుకున్నాను. అది సగం మాట. మిగతా సగం ఈ రోజు చెప్తాను.

ముందుగా, ఇల్లు తీసుకోవడం షోకు కాదు, జరూరత్. బర్మింగ్‌హామ్‌లో ఉండే మా ఆపా, దుల్హేభాయ్, వాళ్ళ ముగ్గురు పిల్లలు, అమ్మీ, నేను. మొత్తం ఏడుగురం. హోటల్ అంటే మూడు గదులు తీసుకోవాలి. పూటపూటకీ హలాల్ ఎక్కడ దొరుకుతుందని వెతకాలి. ఇల్లయితే వంటగది ఉంటుంది. అమ్మీకి పరదా ఉంటుంది. వజూకి తొందర ఉండదు, జానిమాజ్ పరవడానికి జాగా ఉంటుంది. మన ఖాందాన్‌లు ఇల్లే ఎందుకు వెతుక్కుంటాయో నాకు తెలుసు.

కానీ మేం ఆ ఇల్లు తీసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది దిల్‌కి సంబంధించింది. ఉర్దూ మీడియం బడిలో ఇఖ్బాల్ 'మస్జిదె ఖుర్తుబా' చదువుకున్నవాణ్ణి నేను. అందలుస్ అంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది. అల్బైసీన్ అంటే అల్హమ్రాకి ఎదురుగుట్ట మీద, దార్రో నదికి ఇవతల ఉన్న పాత ముసల్మాన్ మొహల్లా. సన్నటి గల్లీలు, సున్నం కొట్టిన గోడలు, గోడల వెనక తోటలు. 1994లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. "మనవాళ్ళ మొహల్లాలో ఉండబోతున్నాం" అని ఆపా ఫోన్లో అన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. సొంతింటికి పోతున్నట్టు.

మేం చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. అక్కడి గల్లీలకి గులకరాళ్ళు పరిచి ఉంటాయి. వాటి మీద ఐదు సూట్‌కేసుల చక్రాలు చేసే చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. పిల్లలు ఏడుపు. తాళంచెవి ఇవ్వడానికి మనిషి ఉండడు. తలుపు పక్కన చిన్న ఇనుప డబ్బా, దానికో నంబరు. ఆ డబ్బా కోసం వెతుకుతూ మేం వేరే తలుపు కొట్టాం. శాలువా కప్పుకున్న ఓ ముసలామె తలుపు తీసింది. మేం ఎవరమో, ఏం కావాలో అడగలేదు. వేలితో పైఅంతస్తు చూపించి తలుపు వేసుకుంది. ఆమెకి అది అలవాటైపోయిన పని అని అప్పుడే అర్థమైంది.

తెల్లారి అమ్మీ ఊరుకోలేదు. "రాత్రి పాపం ఆమె నిద్ర పాడుచేశాం" అని సేమియా ఖీర్ వండి, ఓ గిన్నెలో పోసి నన్ను కిందికి పంపింది. మా పాలమూరులో పక్కింటికి హిస్సా పంపినట్టే. సాయంత్రానికి ఆ గిన్నె తిరిగొచ్చింది, నిండా నారింజపళ్ళతో. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదన్న తహజీబ్ అక్కడా ఉందన్నమాట. మెట్ల మీద కూర్చుని ఫోన్లో తర్జుమా పెట్టుకుని ఆమెతో కాసేపు మాట్లాడాను. ఆ మెట్లదారిలో ఐదిళ్ళు. ఒకప్పుడు ఐదింట్లోనూ కాపురాలే. ఇప్పుడు నాలుగు మాలాంటివాళ్ళకి. ఎదురింటావిడ దగ్గర తన తాళంచెవి ఒకటి ఇచ్చి ఉంచేదట, ఏదైనా అయితే తలుపు తీస్తుందని. ఆవిడ ఉన్న ఇంటి కిరాయా పెరిగింది. కూతురి దగ్గరికి ఊరవతలికి వెళ్ళిపోయింది. "ఇప్పుడు నా తాళంచెవి ఎవరికివ్వాలి?" అందామె. కోపంగా అనలేదు. మామూలుగా అడిగింది.

అందలుస్ నుంచి వెళ్ళగొట్టినవాళ్ళు తమ ఇళ్ళ తాళంచెవులు తరతరాలుగా దాచుకున్నారన్న కథలు వింటూ పెరిగినవాళ్ళం మనం. ఆ మెట్ల మీద నా చేతిలో ఇనుప డబ్బాలోంచి తీసిన తాళంచెవి ఉంది. నాకు సిగ్గేసింది.

ఇక్కడో మాట స్పష్టంగా చెప్పాలి. 1492 జనవరి 2న గ్రనాడా అప్పగించినప్పుడు, ముసల్మాన్ల దీన్, ఇళ్ళు, మస్జిద్‌లు అలాగే ఉంటాయని ఒప్పందం రాసుకున్నారు. పదేళ్ళు కూడా నిలవలేదు. బలవంతంగా మతం మార్చారు. 1568లో మొదలైన తిరుగుబాటు తర్వాత గ్రనాడా మొరిస్కోలను ఊళ్ళు ఖాళీ చేయించి కాస్తీల్ వైపు తోలారు. 1609 నుంచి 1614 దాకా స్పెయిన్ నుంచే పంపేశారు. అది జుల్మ్. ఈ రోజు కిరాయాలు పెరిగి ఒక ముసలావిడ ఊరవతలికి పోవడం దానితో సమానం కాదు. కానీ ఖాళీ అయిన మొహల్లా దుఃఖం ఏమిటో తెలిసిన ఉమ్మత్ మనది. అదే గల్లీ రెండోసారి ఖాళీ అవుతుంటే, అందులో మన కిరాయా పైసలు కూడా ఉంటే, "మా బాప్‌దాదాల మొహల్లా" అని ఏ మొహం పెట్టుకుని అంటాం?

స్పానిష్‌లో కిరాయాని 'అల్కిలేర్' అంటారు. అరబీ 'అల్ కిరా' నుంచి వచ్చింది. మన ఉర్దూ కిరాయా, తెలుగు కిరాయి కూడా ఆ వేరు నుంచే. అంటే ఈ లావాదేవీ పేరు కూడా మనవాళ్ళు ఇచ్చిందే. మరి ఆ పేరుతో పాటు ఉండాల్సిన అదబ్ ఏది?

సూరా నూర్‌లో అల్లాహ్ మనకో ఖాయిదా పెట్టాడు. మీవి కాని ఇళ్ళలోకి ఇజాజత్ లేకుండా, ఆ ఇంటివాళ్ళకి సలాం చెప్పకుండా పోవద్దని. ఆ వెంటనే ఒక వెసులుబాటు కూడా ఇచ్చాడు. ఎవరూ కాపురం లేని, మీకు పనికొచ్చే ఇళ్ళలోకి పోవడం గునాహ్ కాదని. ముసాఫిర్‌ఖానాలు, సరాయిలు ఇందులోకి వస్తాయని ముఫస్సిర్లు చెప్పారు. సరాయి వేరు, ఇల్లు వేరు. ఆ ఫరక్ దీన్‌లోనే ఉంది.

గ్రనాడాలో దానికి రాళ్ళతో కట్టిన గవాహీ కూడా ఉంది. కొర్రాల్ దెల్ కార్బోన్ అనే కట్టడం. 14వ శతాబ్దంలో, నస్రీ సుల్తాన్ల కాలంలో కట్టిన ఫున్దుఖ్. మధ్యలో సహన్, కింద సరుకులు, పైన వ్యాపారులకి గదులు. మనం గర్వపడే ఆ షహర్ పరదేశీకి ఒక జాగా ప్రత్యేకంగా కట్టిపెట్టింది. మొహల్లాని మొహల్లాగానే ఉంచింది. అల్హమ్రా చూసినవాళ్ళు ఇది కూడా చూసి రావాలి. ఊరి మధ్యలోనే ఉంది.

ఇప్పుడు అక్కడి హుకూమత్ కూడా ఇదే ఆలోచిస్తోంది. 2025 ఏప్రిల్ 3 నుంచి, ఒక భవనంలో కొత్తగా టూరిస్ట్ ఇల్లు పెట్టాలంటే ఆ భవనం ఓనర్ల సంఘంలో ఐదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. పొరుగువాళ్ళ ఇజాజత్ అన్నమాట. ఆ ఏడాది జులై నుంచి, ఆన్‌లైన్‌లో కొద్దిరోజులకి ఇచ్చే ఇళ్ళకి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నారు. బార్సిలోనా అయితే తన దగ్గరున్న సుమారు 10 వేల టూరిస్ట్ ఇళ్ళ లైసెన్సులను 2028 నవంబర్ తర్వాత కొనసాగించనని చెప్పింది.

"టూరిస్టులు రాకపోతే ఆ ఊరు ఏం తింటుంది భాయ్?" అని దుల్హేభాయ్ నాతో వాదించాడు. నిజమే. హోటల్‌లో పనిచేసేవాడు, టాక్సీ నడిపేవాడు, కాల్దెరేరియా గల్లీలో చాయ్ అమ్మే మొరాకో భాయ్, అందరి రోజీ మన రాకతోనే. తన ఇంట్లో ఒక గది కిరాయాకిచ్చి బతికే బేవా కూడా ఉండొచ్చు. వెళ్ళొద్దని నేను అనడం లేదు. అల్బైసీన్ గుట్ట మీద 2003లో కొత్త మస్జిద్ తెరిచారు. అల్హమ్రాకి ఎదురుగా అక్కడ నమాజ్ చదివి రండి. ఆ సుకూన్ నేను రాయలేను.

నేననేది ఇంతే. వంటగది కావాలంటే, మొత్తం భవనమే ముసాఫిర్ల కోసం నడిచే అపార్ట్‌మెంట్ హోటళ్ళు ఉన్నాయి. అవి ఈ కాలపు ఫున్దుఖ్‌లు. ముందు అక్కడ వెతకండి. అల్హమ్రా కిటికీలోంచి కనిపించకపోతే నష్టం లేదు, నడిచి వెళ్ళి చూడొచ్చు. ఇల్లే తీసుకోవాల్సి వస్తే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. లేదంటే వదిలేయండి, చవగ్గా వచ్చినా సరే. ఓనరు అదే ఇంట్లో ఉండి గది ఇస్తుంటే ఇంకా మంచిది. పగలు చేరండి. గల్లీలో సూట్‌కేసు చేత్తో ఎత్తుకోండి. కింది ఇంటివాళ్ళకి ఓ సలాం చెప్పండి. వాళ్ళ భాషలో 'ఓలా' అంటే చాలు.

పొరుగువాడి గురించి జిబ్రయీల్ అలైహిస్సలాం ఎంతగా తాకీదు చేశారంటే, చివరికి అతన్ని వారసుణ్ణి కూడా చేసేస్తారేమో అని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లంకి అనిపించిందని హదీస్. అందలుస్ విరాసత్ గురించి మాట్లాడేటప్పుడు నాకిప్పుడు అదే గుర్తొస్తుంది. మనం ఐదొందల ఏళ్ళ కిందటి గోడల్లో విరాసత్ వెతుక్కుంటున్నాం. దీన్ మాత్రం కింది అంతస్తులో ఒంటరిగా ఉన్న ఆ ముసలామెని చూపిస్తోంది.

బయల్దేరే రోజు అమ్మీ ఆ గిన్నె ఆమెకే ఇచ్చేసింది. అది ఆపా ఇంటి గిన్నె, బర్మింగ్‌హామ్ నుంచి తెచ్చుకున్నది. "ఉండనీ బేటా, మళ్ళీ ఎవరైనా మనవాళ్ళు వస్తారుగా" అంది. వెళ్ళేవాళ్ళు ఆ మాట గుర్తుపెట్టుకోండి.