విలన్ నోటి మాట

కుక్కపిల్లల సినిమా అనగానే మనం నిశ్చింతగా పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టేసి వంటింట్లోకి పోతాం. కత్తులుండవు, నెత్తురుండదు. ఒంటినిండా చుక్కలున్న కుక్కపిల్లలు, వాటిని ఎత్తుకుపోయే ఓ రాక్షసి, చివరికి అన్నీ క్షేమంగా ఇల్లు చేరడం. ఇంకేం కావాలి! '101 డాల్మేషియన్స్' అట్లాంటి సినిమాయే. 1961లో బొమ్మల సినిమాగా వచ్చింది. 1996లో మనుషులతో మళ్లీ తీశారు. ఈ రెండోదాన్ని మా మనవరాలి పుణ్యమా అని నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఒకే మాట దగ్గర నా చేతిలో పని ఆగిపోయింది.

ఆ మాట అన్నది విలన్. పేరు క్రుయెల్లా. గ్లెన్ క్లోజ్ వేసింది ఆ వేషం. తల సగం నలుపు, సగం తెలుపు. పెద్ద ఫ్యాషన్ కంపెనీ యజమానురాలు. ఆమె దగ్గర డిజైన్లు గీసే అమ్మాయి అనిత. (ఇంగ్లీషు పిల్లే, పేరు మాత్రం మన పక్కింటి పిల్లలా ఉంది!) ఎవరైనా నచ్చి పెళ్లి చేసుకుంటే ఈ ఉద్యోగం కుదరకపోవచ్చేమో అని అనిత నసుగుతుంది. అప్పుడు క్రుయెల్లా అంటుంది... మాటకు మాట చెప్పను గానీ, దాని సారం ఇది: యుద్ధాలూ కరువులూ మింగినవాళ్లకన్నా పెళ్లి మింగిన పనిమంతురాళ్లే ఎక్కువ అని. చేతిలో విద్య ఉంది, పాడుచేసుకోకు అని కూడా.

నిజం చెప్పండి, ఇది మనం ఎప్పుడూ వినని మాటా? ఏ పెళ్లి పందిట్లోనో వెనకవరసలో కూర్చుని మనలో మనం గొణుక్కున్న మాట కాదూ? కానీ ఆ సినిమాలో దాన్ని ఎవరి నోట పెట్టారు? కుక్కపిల్లల చర్మం ఒలిచి కోటు కుట్టించుకోవాలనుకునే ఆడదాని నోట! ఇక వినేవాళ్లు ఏమనుకుంటారు? "అట్లాంటిది కాబట్టే అట్లా మాట్లాడుతోంది" అనుకుంటారు. మాట కూడా ఆమెతోపాటే పందుల దొడ్డిలో పడిపోతుంది. అనిత పెళ్లి చేసుకుంటుంది, తల్లి అవుతుంది. అందరం చప్పట్లు కొడతాం.

క్రుయెల్లా పుణ్యాత్మురాలని నేను అనడం లేదు. ఆమెకు కావలసింది అనిత బాగు కాదు, అనిత గీసే బొమ్మలు. కడుపుతో ఉన్నావా, సరే, సెలవు తీసుకుని మళ్లీ రా అని ఆమె అనదు. మన దేశంలో 2017లో చట్టం మార్చారు. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు ఇవ్వాలి. యాభైమంది ఉంటే పిల్లల్ని ఉంచే వసతి కూడా చూపాలి. అట్లాంటి ఊసే ఆమె నోట రాదు. ఆమె లెక్కలో పెళ్లా, పనా, రెంటిలో ఒకటే. తమాషా ఏమిటంటే అనితను పెళ్లాడే రోజర్‌ను మాత్రం ఈ ప్రశ్న అడిగేవాళ్లే లేరు.

ఈ కథ మొదట రాసింది కూడా ఒక ఆడమనిషే. డోడీ స్మిత్. లండన్‌లో ఓ ఫర్నిచర్ దుకాణంలో ఉద్యోగం చేస్తూ నాటకాలు రాసి పేరు తెచ్చుకుంది. 1939లో పెళ్లి చేసుకుంది. పెళ్లయ్యాక కలం మూసిందా? లేదు. ఆమె వ్యవహారాలన్నీ భర్తే చూసుకున్నాడు. కుక్కల నవల వచ్చింది 1956లో, ఆమెకు అరవై ఏళ్లప్పుడు. ఇంట్లో డాల్మేషియన్ కుక్కలుండేవి. ఓ స్నేహితురాలు వాటిని చూసి, వీటితో కోటు కుట్టిస్తే ఎంత బాగుంటుందో అందట. కథకు మొలక అక్కడే పడింది.

ఆ నవలలో క్రుయెల్లా ఒంటరిది కాదు. ఆమెకు మొగుడున్నాడు, బొచ్చు కోట్ల వ్యాపారి. పెళ్లికి అతని ఇంటిపేరు ఆమె పెట్టుకోలేదు, ఆమె ఇంటిపేరే అతను పెట్టుకున్నాడు! సినిమావాళ్లు ఆ మొగుణ్ని తీసేశారు. పెళ్లి లేని, పిల్లలు లేని, డబ్బున్న ఆడది అంటే చాలు, విలన్ అని చెప్పడానికి వేరే శ్రమ అక్కర్లేదనుకున్నట్టున్నారు. నవలలో ఇంకో మంచి ముక్క కూడా సినిమాకు రాలేదు. పదిహేను పిల్లల్ని ఈనిన తల్లికి పాలు చాలవు. తన పిల్లల్ని పోగొట్టుకుని వానలో రోడ్డున పడి ఉన్న పెర్డిటా అనే ఇంకో తల్లికుక్క వచ్చి వాటికి పాలిస్తుంది. సినిమాలో ఆ ఇద్దరు తల్లుల్నీ ఒక్కదాన్ని చేశారు.

మన సినిమాలు మాత్రం తక్కువా? 'గుండమ్మ కథ' 1962 నాటిది. సవతి కూతుర్ని గుండమ్మ పెట్టే బాధలు చూసి మనకు కోపం రావాల్సిందే. కానీ మొగుడు పోయిన మనిషి ఇంటి తాళాలూ డబ్బు లెక్కలూ తన చేతిలో పెట్టుకోవడం కూడా ఆ గయ్యాళితనంలోనే కలిసిపోయింది. సూర్యకాంతం అంత గొప్పగా వేసింది మరి!

కుక్క అన్న మాటను మనం తిట్టడానికే వాడతాం. కానీ మన భారతం మొదట్లోనే ఒక కుక్క నోటికి ఎంత గౌరవం ఇచ్చారో చూడండి. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవతల కుక్క పిల్ల అటు పోయింది. రాజు తమ్ముళ్లు దాన్ని చావగొట్టారు. అది హవిస్సును ముట్టలేదు, కనీసం కన్నెత్తి చూడలేదు. తల్లి నేరుగా యాగశాలకు వచ్చి నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసింది. వాళ్లెవరూ బదులు చెప్పలేదు. అప్పుడు శపించింది. 11వ శతాబ్దంలో నన్నయ ఆ తల్లి నోట పెట్టిన పద్యం ఇప్పటికీ మన ఇళ్లలో పెద్దవాళ్లకు నోటికి వస్తుంది. కుక్క కూతలే అని రాజు కొట్టిపారేయలేదు. భయపడ్డాడు, దోషం పోగొట్టే పురోహితుణ్ని వెతుక్కుంటూ బయల్దేరాడు.

మాకు హంద్రీ దాటితే కర్నూలే. మా వీధిలో ఒక అమ్మాయి బీకాం చదివి రోజూ బస్సెక్కి కర్నూలు పోయి లెక్కలు రాసే ఉద్యోగం చేసేది. రెండేళ్ల కిందట నంద్యాల వైపు సంబంధం కుదిరింది. "ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాంలే" అన్నారు మగపెళ్లివారు. తర్వాత అంటే ఎప్పుడో మనకు తెలియదా! అదే వీధిలో రవికెలు కుట్టుకుని బతికే ఒకామె ఉంది. మొగుడితో పడక వచ్చేసి పదేళ్లయింది. ఆ మాటలప్పుడు అక్కడే ఉండి, "అబ్బాయి కూడా మానేస్తాడామ్మా?" అనేసింది. ఒక్క నిమిషం ఎవరూ కిక్కురుమనలేదు. తర్వాత అమ్మాయి తల్లే సర్దుకుంది. "ఆమె సంసారమే నిలబళ్లేదు, ఆమె మాటలేంది వినేది, కాఫీ తాగండి" అంది. అమ్మాయి ఉద్యోగం మానేసింది.

మొన్న సంక్రాంతికి ఆ పిల్ల పుట్టింటికొచ్చింది. చంకలో ఎనిమిది నెలల కొడుకు. బ్యాగు కింద పెట్టీ పెట్టకముందే రవికెలు కుట్టే ఆమె ఇంటికి పోయి, పొద్దుగూకే దాకా కూర్చుని వచ్చిందట. "ఏముంటాయమ్మా అంతసేపు మాటలు వాళ్లిద్దరికీ?" అని వాళ్లమ్మ నన్నడిగింది.