జూన్ 22 ఉదయం సంగతేంటి?

పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొన్న మన గ్రూపులో యోగా మీద వాదన నడిచింది కదా. ఒక అన్న "యోగా మనది కాదు, మన మీద రుద్దుతున్నారు" అన్నాడు. ఇంకో అక్క "రోజూ చేస్తే ఏ రోగమూ రాదు" అంది. నాకు రెండూ సరిగ్గా అనిపించలేదు. అప్పుడు మెసేజ్ పెట్టే ధైర్యం చాలలేదు, ఇప్పుడు రాస్తున్నా.

ముందు నా సంగతి. మాది పాడేరు వైపు ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. విశాఖలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నాను. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, ఇక్కడ క్లాసంతా ఇంగ్లీషు. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంటికి చెప్పలేదు. క్లాసులో నా పేరు పిలిస్తే చాలు, గుండె దడదడలాడేది, అరచేతులకు చెమటలు పట్టేవి, తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఆగిపోయేది. రాత్రి నిద్ర పట్టేది కాదు. రూమ్‌లో ఎనిమిది మందిమి ఉన్నా ఎవరికి చెప్పుకోవాలో తెలీలేదు.

ఒక సీనియర్ అక్క గమనించి డాబా మీదకి తీసుకెళ్లింది. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకో, ఆరు లెక్కపెడుతూ వదులు అంది. మొదటి రోజు ఇంతే. ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అందుకే ఒళ్లు కుదుటపడుతుంది. తర్వాత తాడాసనం, మార్జాలాసనం, చివర్లో కాసేపు శవాసనం నేర్పింది. మ్యాట్ లేదు, దుప్పటి మడిచి వేసుకుంటాను. మొత్తం పది నిమిషాలు. మధ్యలో మనసు స్కాలర్‌షిప్ మీదకో, ఇంటి మీదకో పోతుంది. పోయిందని తెలిసినప్పుడు తిట్టుకోకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవాలి. మైండ్‌ఫుల్‌నెస్ అని పెద్ద పేరు పెట్టారు గానీ చేసే పని ఇదే.

దీంతో నా కష్టాలు తీరిపోయాయని చెప్పను. ఒక సబ్జెక్టు పాసయ్యాను, ఇంకోటి అలాగే ఉంది. దడ ఇప్పటికీ వస్తుంది. కానీ వస్తోందని ముందే తెలుస్తోంది, లేచి ఒక్క వాక్యమైనా చెప్పగలుగుతున్నాను. నాకు అది చిన్న విషయం కాదు.

ఇక మనది కాదన్న మాట. ఫుట్‌బాల్ కూడా మనం కనిపెట్టలేదు, ఆడట్లేదా? మంత్రం చదవాల్సిందే, దండం పెట్టాల్సిందే అని ఎవరైనా బలవంతం చేస్తే వద్దు అనే హక్కు మనకుంది. ఊపిరి మీద ధ్యాస పెట్టడానికి అవేవీ అక్కర్లేదు. మా అమ్మ కాఫీ పళ్లు కోసేటప్పుడు చూస్తాను. ఒకే కొమ్మ మీద ఎర్రవి కోస్తుంది, పచ్చివి వదిలేస్తుంది. చెయ్యి, కన్ను, మనసు ఒక్కచోటే ఉంటాయి. అది యోగా అని నేను అనను. కానీ ఒక్క పని మీద మనసు నిలపడం మనవాళ్లకి కొత్తేమీ కాదు.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. ఐక్యరాజ్యసమితి 2014లో జూన్ 21ని యోగా దినోత్సవంగా ప్రకటించింది. 2025లో దానికి ముందు రోజు ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో అల్లూరి జిల్లా గిరిజన విద్యార్థులు 20 వేల మందికి పైగా 108 సూర్య నమస్కారాలు చేశారు. గర్వంగానే అనిపించింది. మన పిల్లల ఒంట్లో ఆ సత్తువ ఉందని అందరూ చూశారు. కానీ హాస్టళ్లలో చాలాచోట్ల యోగా అంటే జూన్ 21న వరసగా నిలబడి ఫోటో దిగడమే. 22 ఉదయం ఎవరూ అడగరు.

ఇంకో సంగతి. మన ఏజెన్సీలో సికిల్ సెల్, రక్తహీనత ఎక్కువ. నా రూమ్మేట్‌కి సికిల్ సెల్ ఉంది. స్కూల్లో డ్రిల్ మధ్యలో ఆగిపోతే బద్ధకం అని తిట్టేవారట. ఒంట్లో నీరు తగ్గినా, మితిమీరి అలిసినా వాళ్లకి విపరీతమైన నొప్పులు వస్తాయి. కాబట్టి అందరికీ ఒకే లెక్క పెట్టి చేయించకూడదు. డాక్టర్‌ని అడిగి, నీళ్లు తాగుతూ, చేతనైనంతే చేయాలి. ఆగిపోయినవాళ్లని ఎవరూ ఏమీ అనకూడదు.

యోగా చేయిస్తున్నాం కదా అని మిగతావి మర్చిపోనివ్వకూడదు. హాస్టల్‌కి ఏఎన్ఎం కావాలి, మంచి తిండి, నీళ్లు కావాలి, మనసు బాగోనప్పుడు మాట్లాడే కౌన్సిలర్ కావాలి. వీటిని ఐటీడీఏ దగ్గర అడుగుతూనే ఉందాం. ఊపిరి లెక్కపెట్టడం నా చేతిలో ఉన్న పని, ఇవి ప్రభుత్వం చేతిలో ఉన్న పని.

మీలో ఎవరికైనా కళ్లు మూసుకుంటే భయం పెరిగితే, కళ్లు తెరిచే చేయండి, లేదా ఆపేయండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఒంటరిగా ఉండకండి. పక్కనున్నవాళ్లని లేపండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు.

రేపటి నుంచి మా డాబా మీద పొద్దున్న ఐదున్నరకి ముగ్గురం కూర్చుంటున్నాం. మీ హాస్టల్లో ఇద్దరైనా కూర్చోండి. ఫోటో పెట్టక్కర్లేదు. నెల తర్వాత ఎలా ఉందో ఇక్కడ రాయండి. కుదరలేదంటే అదీ రాయండి.

జోహార్.