సున్నపుతేటను కొలిచి చూడుఁడు

సున్నము నెఱుఁగని యిల్లు మన టెక్కలి, పలాస ప్రాంతములలో లేదు. లీటరు నీటిలో నది యెంత కరఁగునన్న, విద్యార్థులు పుస్తకము చూచి 1.7 గ్రాములని వ్రాయుదురు, మార్కులును వచ్చును. ఇది నాకు సమ్మతము కాదు. పుస్తకపు లెక్క 20 డిగ్రీల సెంటిగ్రేడుకు. సున్నము చక్కెరవలెఁ గాక వేఁడినీటిలోఁ దక్కువ కరఁగును. కావున మన వేసవికి నాయంకె చెల్లదు. వడగట్టిన సున్నపుతేట 25 మిల్లీలీటర్లలో రెండు చుక్కలు ఫినాఫ్తలీను వేసి, గులాబివన్నె పోవువఱకు 0.1 మోలార్ హైడ్రోక్లోరికామ్లమును బ్యూరెట్టునుండి విడిచి చూడుఁడు: 20 డిగ్రీలలో సుమారు 11.5 మిల్లీలీటర్లు పట్టునది, ఎండకాలమున 10 మాత్రమే పట్టవచ్చును. (సీసాకు మూఁత మఱవరాదు, గాలి సోఁకినఁ దెట్టు కట్టును.)

కొలువక మాటాడుట మన ప్రాంతమునకుఁ దగదు. ఉద్దానపు మూత్రపిండవ్యాధికి నీరే కారణమని కొందఱు, కాదని కొందఱు, నిజమింకను తేలలేదు. ఆ నీటిని రేపు పరీక్షింపవలసిన పిల్లలకు బ్యూరెట్టు నీయక, అంకెలు మాత్రము వల్లెవేయించుచున్నాము.