అటక మీదికి చేరని కానుక

పెళ్లికో గృహప్రవేశానికో వచ్చిన స్టీలు గిన్నెలు చాలా ఇళ్లలో అటక మీదే ఉంటాయి. అంచు మీద చెక్కించిన పేరు చూసి ఎవరిచ్చారో చెప్పగలం గాని, ఎన్నిసార్లు కిందికి దించి వాడామో చెప్పలేం. ఇప్పుడు వాటి పక్కన గోడ గడియారాలు, ఫొటో ఫ్రేములు, పుట్టినరోజులకు వచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు చేరాయి. పిల్లలకు ఇచ్చి పంపే రిటర్న్ గిఫ్టులు సరేసరి. వీటిలో కొన్నింటికి బదులు, మనకు దగ్గర్లో ఉన్న ఒక చోటును చూపించడమే కానుకగా ఎందుకు ఇవ్వకూడదు? ఈ ఆలోచనకు పరిశోధనల ఆధారం ఉంది. దాని హద్దులూ దానికి ఉన్నాయి.

అగరొత్తి వెలిగించిన గదిలో అడుగుపెట్టగానే వాసన గుప్పుమంటుంది. కాసేపు అక్కడే కూర్చుంటే దాని సంగతే మరిచిపోతాం. పొగ తగ్గినందువల్ల కాదు. మారకుండా అందుతున్న సంకేతానికి మన నాడీవ్యవస్థ స్పందించడం తగ్గించినందువల్ల. కొత్త వస్తువు ఇచ్చే సంతోషమూ దాదాపు ఇలాగే పలచబడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1971లోనే ఈ సంగతిని చర్చించారు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచే ట్రెడ్‌మిల్‌తో దీన్ని పోల్చడం ఆ తరువాత వాడుకలోకి వచ్చింది.

మరి అనుభవాల మాటేమిటి? 2003లో లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ అమెరికాలో జరిపిన అధ్యయనాల్లో, వస్తువుల మీద పెట్టిన ఖర్చు కన్నా అనుభవాల మీద పెట్టిన ఖర్చే తమకు ఎక్కువ సంతోషం ఇచ్చిందని పాల్గొన్నవారిలో ఎక్కువమంది చెప్పారు. 2017లో సిండీ చాన్, క్యాసీ మోగిల్నర్ నేరుగా కానుకల మీదే పరిశోధించారు. అనుభవాన్ని కానుకగా పొందినవారికి, ఇచ్చినవారితో బంధం మరింత బలపడిందని తేలింది. ఇచ్చినవారు వెంట వెళ్లకపోయినా ఫలితం అదే. ఆ సమయంలో కలిగే గాఢమైన భావోద్వేగమే దీనికి కారణమని వారి వివరణ.

అయితే దీన్ని అందరికీ వర్తించే సూత్రంగా చెప్పడం తప్పు. 2018లో వెలువడిన మరో పరిశోధన, ఆర్థికంగా కింది వర్గాల వారికి వస్తువులు కూడా అనుభవాలంత సంతోషాన్ని, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ సంతోషాన్ని ఇస్తాయని చూపింది. ఇందులో వింతేమీ లేదు. హాస్టల్లో చలికి వణికే విద్యార్థికి కావలసింది దుప్పటి. గుహల యాత్ర కాదు. అవసరం ఉన్నచోట వస్తువే మంచి కానుక. నా అభ్యంతరమల్లా ఎవరికీ అక్కరలేకుండా, మొహమాటం కొద్దీ చేతులు మారే వస్తువుల మీదే.

ఇక, అనుభవం అనగానే విమాన టికెట్లు, రిసార్టులు గుర్తుకు రానక్కరలేదు. ప్లాస్టిక్ తగ్గించామని చెప్పుకొంటూ విమానంలో అంతకు మించిన ఇంధనం మండిస్తే లాభమేముంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, పక్కనే ఉన్న వింతలను మనమే చిన్నచూపు చూస్తున్నాం.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. దాని పూర్తి శాస్త్రీయ నామం కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్; ఎముకలు దొరికిన తెలంగాణ పల్లె యామన్‌పల్లి పేరు అందులో నిలిచిపోయింది. డైనోసార్లంటే హాలీవుడ్ సినిమాలే అనుకునే పిల్లవాడికి ఈ ఒక్క సంగతి చాలు. నంద్యాల జిల్లాలోని బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీన ఆమ్లంగా మారిన నీరు, సున్నపురాయిని కరిగిస్తూ చేసిన సొరంగాలవి. పాఠ్యపుస్తకంలో ఒక్క గీతలో ముగిసే రసాయన చర్య, ఇక్కడ తల వంచుకొని నడవాల్సిన దారి.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాలు చూడటానికి 2019 నుంచి ప్రజల కోసం వీక్షణ గ్యాలరీ ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ మంట ముందు కనిపిస్తుంది, గర్జన ఆ తరువాత వినిపిస్తుంది. మధ్యలో గడిచిన సెకన్లను లెక్కపెట్టి, సుమారు 340తో గుణిస్తే ప్రయోగ వేదిక ఎన్ని మీటర్ల దూరంలో ఉందో పిల్లలే చెప్పగలరు. ప్రయోగం వాయిదా పడితే నిరాశే. కానీ కౌంట్‌డౌన్ ఎందుకు ఆపారన్న ప్రశ్న ఇంటిదాకా వెంట వస్తుంది.

ఖర్చు పెట్టలేనివారు కూడా ఇవ్వగల కానుకలున్నాయి. మట్టి ముద్ద కుండగా మారడాన్ని సారె పక్కన కూర్చొని చూడటం, వీధి దీపాలు లేని పొలం గట్టున ఒక రాత్రి నక్షత్రాలు లెక్కించడం అలాంటివే. కుమ్మరి సమయానికి మాత్రం తగిన డబ్బు ఇవ్వాలి. అలాగే, నేలపట్టుకు గూడబాతులను చూడటానికి వెళితే దూరం నుంచే చూడాలి. మన సరదా వాటి గూళ్లకు చేటు కాకూడదు.

ఇందులో సంస్థల బాధ్యతా ఉంది. మ్యూజియాలు, నక్షత్రశాలలు, జంతు ప్రదర్శనశాలలు కానుకగా ఇవ్వదగిన టికెట్లను అందంగా అచ్చువేసి, ఏడాది పాటు చెల్లేలా అమ్మాలి. తెలుగులో వివరించే గైడ్లను, చక్రాల కుర్చీలో వచ్చేవారికి తగిన దారులను ఏర్పాటు చేయాలి. పాఠశాలలు రిటర్న్ గిఫ్టులకు బదులు ఆ సొమ్ముతో తరగతి మొత్తాన్ని ఒక పూట బయటికి తీసుకెళ్లవచ్చు. ఒంటరిగా ఆ ఖర్చు భరించలేని పిల్లలకూ అప్పుడు చోటు దొరుకుతుంది.

వచ్చే పుట్టినరోజుకు బొమ్మల దుకాణానికి వెళ్లేముందు ఒక ప్రశ్న వేసుకుందాం: ఈ పిల్లకు మన జిల్లాలోనే ఇంకా చూపించనిది ఏముంది? జవాబు దొరికితే తేదీ కూడా రాసి కవరులో పెట్టి ఇవ్వండి. తేదీ లేని మాట కూడా అటకెక్కుతుంది.