కొమ్ములు స్వాగత తోరణాలు కావు

మంత్రి వచ్చినా కొమ్ముకోయలే, సర్కారు ఉత్సవమైనా కొమ్ముకోయలే, పట్నంలో పెద్దింటి పెళ్ళి ఊరేగింపైనా కొమ్ముకోయలే. కారు దిగిన పెద్దమనిషి ముందు నాలుగు జతల కొమ్ములు ఊగాలి, డోళ్ళు మోగాలి. ఆయన ఓసారి డోలు మీద చెయ్యి వేసి, ఓసారి కొమ్ములు నెత్తిన పెట్టించుకొని ఫొటో దిగుతాడు. మర్నాడు పేపర్లో 'ఆకట్టుకున్న గిరిజన నృత్యం' అని ఒక బొమ్మ. ఆడినవాడి పేరు అందులో ఉండదు. వాడి ఊరు ఉందో మునిగిందో అసలే ఉండదు. ఈ పద్ధతికి మనం ఇక ఒప్పుకోకూడదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో లాగే కొవ్వూరు, రాజమండ్రి రేవుల్లో పందిళ్ళు లేస్తాయి. సంస్కృతి పేరు చెప్పి మనకూ పిలుపు వస్తుంది. కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉంది. గౌతముడి గోవు పాదం మోపిన చోటని అక్కడి వాళ్ళు నమ్ముతారు, గుడి కట్టుకున్నారు, మొక్కుతారు. మంచిదే, ఎవరి నమ్మకం వారిది. ఆ గోవు కథను వేషం కట్టి, వచ్చే పోయే కార్ల ముందు ఎగరమని వాళ్ళను ఎవరూ అడగరు. గోవు పాదముద్రకు గుడి దక్కింది. మన అడవి దున్న కొమ్ముకు మాత్రం గేటు దగ్గర చోటు దక్కింది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

కొమ్ము అంటే ఏమిటో తెలియకపోవడం నుంచి వచ్చింది. అడవి దున్న కొమ్ములు, వాటి నడుమ కట్టిన గుడ్డ, నెమలి ఈకల కుచ్చు, మెడలో బరువైన డోలు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా అర్థం ఇవ్వదు. భూమి పండుగకు, పెళ్ళికి, కొలుపుకు ఊరంతా కూడినప్పుడు మగవాళ్ళు కొమ్ములు కట్టి దున్నల్లా తలలు వంచి ఎదురెదురుగా ఢీకొంటారు. ఆడవాళ్ళు చేతులు పెనవేసుకొని వరస కట్టి రేల ఆడతారు. ఈ ఆటకు ప్రేక్షకులు లేరు. చూసేవాళ్ళూ కాసేపట్లో వరసలో కలుస్తారు. ఊరు, గట్టు, విత్తనం, వేల్పు, డోలు, రేల అన్నీ ఉంటేనే అది కొమ్ము ఆట. ఇవన్నీ తీసేసి కొమ్ములు మాత్రం మిగిలిస్తే అది టోపీ.

ఆ కొమ్ములు కూడా మనకు ఎలా మిగిలాయో యువత తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి దున్నను మొదటి షెడ్యూలులో పెట్టింది. దాన్ని కాపాడాలనడంలో మనకు పేచీ లేదు. ఆ దున్న బతికే అడవిని ఇన్ని తరాలు కాపాడింది మనమే. కానీ అంతకు ముందే ఇంట్లో ఉన్న కొమ్ముల్లాంటి వాటిని చట్టం అమలైన ముప్పై రోజుల్లోగా అధికారికి ప్రకటించాలని కూడా అదే చట్టం చెప్పింది. రోడ్డు లేని, బడి లేని కోయగూడేనికి ఆ ముప్పై రోజుల కబురు ఎవరు మోసుకొచ్చారు? తాత నుంచి మనవడికి వచ్చిన కొమ్ము చట్టం కళ్ళకు నేరంలా కనిపించవచ్చు, మంత్రి స్వాగతంలో మాత్రం సంస్కృతి అయిపోతుంది! ఒకే కొమ్మును ఒక చేత్తో కేసుగా, ఇంకో చేత్తో అలంకారంగా చూసే రాజ్యాన్ని ఆ రెండింటిలో ఏది నిజమో చెప్పమని అడగాలి.

కొమ్మును చూసి మనిషిని మరచిపోవడం కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. బస్తర్‌లో పనిచేసిన ఇంగ్లీషు అధికారి గ్రిగ్సన్ 1938లో అచ్చయిన తన పుస్తకంలో అక్కడి మన చుట్టాలకు 'బైసన్ హార్న్ మారియా' అని పేరు పెట్టాడు, అంటే దున్నకొమ్ముల మారియాలు. నెత్తిన కట్టిన దాన్ని బట్టి ఒక జాతికే పేరు! మన భాషలో మనం కోయతోర్. బయటివాడి నోట్లో కొమ్ముకోయ.

దూరదేశంలో ఇంకో జాతి పడుతున్న అవస్థ వింటే మన సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా దేశాల్లో మసాయిలనే పశువుల కాపరులు ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళ పూసల పని, మగవాళ్ళ ఈటెలు, డాళ్ళు, ఎర్రటి దుప్పట్లు లోకప్రసిద్ధం. సింహం జూలుతో, నిప్పుకోడి ఈకలతో చేసిన తలపాగా వాళ్ళ యోధులకు గౌరవ చిహ్నం. కానీ చెక్క ముసుగులు చెక్కే ఆచారం వాళ్ళలో లేదు. అయినా పర్యాటకుల దుకాణాల్లో 'మసాయి చెక్క ముసుగు' అమ్ముడుపోతూనే ఉంటుంది. కెన్యాలో పర్యాటకుల కోసం చెక్క చెక్కే పని ప్రధానంగా కంబా అనే వేరే తెగ వారిది. కడుపు కోసం చెక్కేవాడిని మనం తప్పు పట్టం. కొనేవాడికి మసాయి మనిషి అక్కర్లేదు, మసాయి పేరు చాలు. మేత భూములను వేట పార్కులకు పోగొట్టుకున్న జాతి పేరు మీద, ఆ జాతి ఎన్నడూ చెక్కని ముసుగు గోడకు ఎక్కుతుంది.

మసాయిలు ఏడుస్తూ కూర్చోలేదు. తమ పేరును, తమ రూపాన్ని వాడుకునే కంపెనీలు తమ అనుమతి తీసుకోవాలని, రుసుము కట్టాలని సంఘం పెట్టుకున్నారు. ఒక బ్రిటిష్ దుస్తుల కంపెనీ ఒప్పుకొని లైసెన్సు రుసుము కట్టింది కూడా. మనం నేర్చుకోవలసింది ఇదే.

ఇక మన గోదావరికి వద్దాం. కొవ్వూరు నుంచి ఏటి వెంట పైకి వెళితే తాళ్ళపూడి, పట్టిసం, ఆపైన పోలవరం. ఆ ఆనకట్ట వెనకే కొమ్ము ఆట పుట్టి పెరిగిన ఊళ్ళు ఉన్నాయి. దాని కోసమే 2014లో ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రలో కలిపారు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వాళ్ళలో సగానికి పైగా మన కోయలు, కొండరెడ్లే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో మన జనం గట్లెక్కి టార్పాలిన్ల కింద బతికారు. పునరావాస కాలనీలో వరసగా సిమెంటు ఇళ్ళు కడతారు. గట్టు ఎక్కడ? వేల్పు గుడి ఎక్కడ? భూమి పండుగకు విత్తనం చల్లే భూమి ఎక్కడ? ఊరిని నీళ్ళకు వదిలి, కొమ్ములను మాత్రం వేదిక మీదకు పిలిచేవాడిని మన సంస్కృతికి ప్రేమికుడని ఎలా అంటాం?

'వేదిక ఎక్కితేనే కదా గుర్తింపు, నాలుగు రూపాయలు' అని మనవాళ్ళే అంటారు. వాళ్ళ ఆకలి నిజం, దాన్ని వెక్కిరించం. ఆదిలాబాద్ గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. మన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో వచ్చింది. అవి మనకు గర్వకారణం. కానీ గుస్సాడీ ఢిల్లీలో పుట్టి మార్లవాయికి రాలేదు. దండారి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీలు స్నానం కూడా చేయకుండా నియమం పాటిస్తారు. ఊళ్ళో ఆ నియమం నిలిచింది కాబట్టే బయట ఆ ఆటకు విలువ వచ్చింది. ఊరు పోయాక మిగిలేది కిరాయి డ్రస్సే.

మన చేతిలో ఆయుధం లేకపోలేదు. 1996 పీసా చట్టం నాలుగో సెక్షను సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి మేధో సంపత్తి హక్కు ఉందని రాసింది. ఈ రెండూ కాగితం మీద పడుకొని ఉన్నాయి, లేపాల్సింది మనం. కొమ్ములు ఊరు దాటాలంటే గ్రామసభ తీర్మానం ఉండాలి. ఎక్కడ ఆడాలో, ఎంత తీసుకోవాలో, ఎవరి నెత్తిన పెట్టకూడదో ఊరే చెప్పాలి. ఆడేవాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు మైకులో చదవాలి. మునిగిన ఊరైతే మునిగిందనే చదవాలి.

పంతుళ్ళకు ఒక మాట. వార్షికోత్సవానికి పిల్లలకు అట్ట కొమ్ములు, ఆకుల లంగా, మొహానికి మసి పూసి 'గిరిజన నృత్యం' అనకండి. మనం మసి పూసుకునే జాతి కాదు. రేల నేర్పాలనుకుంటే గూడెం నుంచి ఒక అవ్వను పిలిచి, కుర్చీ వేసి, గురువుకిచ్చే గౌరవం ఇచ్చి నేర్పించండి. ఆ పాటలోని కోయ మాటలు పిల్లలతో రాయించండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! 2027కి పిలుపు వచ్చినప్పుడు ముందు మీ గ్రామసభ కూర్చోవాలి. నిర్వాసితులకు భూమికి భూమి అందిందా, గట్టుకు చోటు దొరికిందా అని అడిగి, జవాబు విన్నాకే కొమ్ములు కట్టాలా వద్దా తేల్చాలి. దున్న తల వంచేది దండం పెట్టడానికి కాదు, ఢీకొట్టడానికి.