బాలింత చావు ఏ పద్దులో?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన సర్కారు, ఆత్రేయపురం పక్కన లొల్ల లాకుల దగ్గర కాలవ నీటిని కొలిచి పంచడం నేర్చుకుంది. ఆ కాలవగట్ల మీది పల్లెల్లో కాన్పుతో పోయిన ఆడవాళ్ళను మాత్రం సరిగా లెక్కించలేదు. ఇది నిర్లక్ష్యం కాదు, రాజకీయం అంటాను నేను.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ప్రసూతి ఆసుపత్రుల లెక్కలకు ఒక ఒరవడి ఏర్పడింది. ఎంత జ్వరాన్ని సూతికా జ్వరంగా లెక్కించాలన్నది అంతకు ముందు తలా ఒక తీరుగా ఉండేది. మనల్ని ఏలిన ఇంగ్లండు తన దేశంలో 1926లో నియమం పెట్టింది: కాన్పయిన 21 రోజుల్లోపు 100.4 డిగ్రీల జ్వరం ఒక రోజంతా నిలిచినా, తిరగబెట్టినా తెలియజేసి తీరాలి. మంచిదే. కొలత ఒకటైతేనే ఏ ఆసుపత్రిలో శుభ్రత లేదో బయటపడుతుంది.

మన పల్లెలకు ఆ కొలత రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో బాలింత మరణాలపై లక్ష్మణస్వామి మొదలియార్ 1933లో ఇచ్చిన నివేదిక మద్రాసు నగరానికే పరిమితం. పల్లెల్లో చావుపద్దు రాసేది గ్రామ మునసబు. ఆయనకు వైద్యం తెలియదు, పురిటిగదిలోకి ప్రవేశమూ లేదు. సూతికతో పోయిన బాలింత చాలాసార్లు ‘జ్వరాలు’ పద్దులో కలిసిపోయేది. దేశంలో వెయ్యి కాన్పులకు 20 మంది తల్లులు, ఏటా సుమారు 2 లక్షల మంది పోతున్నారని 1946లో భోర్ కమిటీ చెప్పింది. అదీ అంచనాయే! నేరం మోపడానికి మాత్రం లెక్కలు అక్కరలేకపోయాయి. తప్పంతా మంత్రసానిదన్నారు. బాల్య వివాహానికీ, రక్తహీనతకూ, మగవాడి బాధ్యతకూ పద్దు లేదు.

ఇది గడిచిన కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే. 42కు పైగా సిజేరియన్లు, ప్రైవేటులో 63. జనాభా మొత్తం మీద 10 శాతం దాటాక సిజేరియన్లు పెరిగినా తల్లుల మరణాలు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మరి ఇన్ని కోతలు ఎవరి లాభానికి? కోత పడిన ఒంటితో పొయ్యి ముందు కూర్చుని పూతరేకులు తీసే స్త్రీ బాధ ఏ పట్టికకు ఎక్కుతుంది?

కొలత లేదనడానికి లేదు. ఆ సంస్థే అదే ఏడు సిఫారసు చేసిన రాబ్సన్ వర్గీకరణ ఉంది. తొలికాన్పా, ఇంతకు ముందు కోత ఉందా, బిడ్డ అడ్డం తిరిగిందా వంటివి చూసి ప్రతి ప్రసవాన్నీ పది గుంపుల్లో ఒకదానిలో చేరుస్తుంది. అప్పుడు ‘మా దగ్గరకు కష్టమైన కేసులే వస్తాయి’ అనే సాకు నిలవదు. ప్రతి ఆసుపత్రీ ఈ లెక్కను గుమ్మం ముందు తెలుగులో రాసి పెట్టాలి. కోతకు కారణం రాసి తల్లి చేతికివ్వాలి. మన ఒంటి మీద తీసే లెక్కను చదివే హక్కు మనది. అడుగుదాం.