సొంత సీసాయు, ఓడవారి శాసనమును

ఓడ యెక్కబోవు యాత్రికుని పెట్టె తెరచి, అందు దొరకిన ద్రాక్షాసవపు సీసాను ప్రక్కకు తీసిపెట్టుట నేటి విహారనౌకలయందు నిత్యకృత్యము. ఆ సీసాను కొన్ని కంపెనీలవారు చీటి కట్టి దాచి, యాత్ర ముగిసిన దినమున తిరిగి యిత్తురు. కొందరు పారవేసి, పరిహారము లేదని తమ షరతులయందే వ్రాసికొందురు. చూచుటకిది అల్పవిషయము. కలిగినవారు వినోదార్థము పోవు యాత్ర, అందులో త్రాగుడు. దీనికొక వ్యాసమా యని మా పాఠకులలో కొందరు ముక్కున వ్రేలు వేసికొనవచ్చును. ఐనను డబ్బు చెల్లించిన మనుష్యునికిని, అతనిని మోసికొనిపోవు సంస్థకును నడుమ నుండవలసిన న్యాయమెట్టిదో విచారించుటకు ఈ సీసాకంటె తేటయైన ఉదాహరణము మాకు దొరకలేదు.

మేము పానపక్షపాతులము కాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిన వృత్తాంతమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చి 1997లో ఎత్తివేయబడిన వృత్తాంతమును మన జనులు మరచియుండరు. కావున నిషేధమన నేమో మన కొకరు నేర్పనక్కరలేదు. అమ్మవద్దు, త్రాగవద్దు అనుట నిషేధము. నీవు తెచ్చినది వద్దు, మా యొద్దనే కొని త్రాగుము అనుట వర్తకము. ఓడవారు చేయునది ఈ రెండవది. దానికి మొదటిదాని వేషము వేయుటయే మా యాక్షేపణకు మూలము.

కంపెనీల నిబంధనలు ఒక్క తీరున లేవు. కార్నివాల్ వారు 21 ఏండ్లు నిండిన ప్రతి యాత్రికుని 750 మిల్లీలీటర్ల వైను సీసా నొకదానిని, మూత విప్పనిదానిని, ఓడ యెక్కు దినమున మాత్రము చేతిసంచిలో తెచ్చుకొననిత్తురు. దానిని తన గదిలో త్రాగిన రుసుము లేదు. భోజనశాలకు తెచ్చిన 15 డాలర్లు చెల్లింపవలెను. నార్వేజియన్ వారు సీసాలు తెచ్చుకొననిత్తురుగాని, గదిలో త్రాగినను, బయట త్రాగినను రుసుము వసూలు చేయుదురు. డిస్నీవారు ఎక్కునాడే కాక, దారిలోని ప్రతి రేవునందును మనిషికి రెండేసి సీసాలు తెచ్చుకొననిత్తురు. వైకింగ్ వారు రుసుమే అడుగరు. ఎం.ఎస్.సి. వారు బయటి మద్యము నసలే రానీయరు. బ్రాంది, విస్కి, రమ్ము మున్నగు ఘాటు మద్యములు మాత్రము ఇంచుమించుగా పెద్ద కంపెనీల ఓడలన్నిటను నిషిద్ధములు. రేవులో కొన్నను, ఓడలోని దుకాణమునందే కొన్నను, యాత్ర ముగియువరకు అవి ఓడవారి స్వాధీనమున నుండవలసినదే. ఈ అంకెలును ఈ షరతులును మారుచునే యుండును. ఒకేవిధమగు సముద్రముపై, ఒకేవిధమగు యాత్రికులతో, ఒకరికి సాధ్యమైనది మరియొకరికి అపాయకరమెట్లగునో ఈ భేదములనుబట్టియే పాఠకులు ఊహించుకొనవచ్చును.

అపాయమను మాట ఊరక అనలేదు. యాత్రికుల క్షేమముకొరకే ఈ నియమమని కంపెనీలు చెప్పుచున్నవి. గదిలో తలుపు మూసికొని యెవడెంత త్రాగుచున్నాడో మా మనుష్యులకు తెలియదు, మత్తెక్కినవాడు నడిసముద్రమున మేడమీది కఠారా దాటిన మేము జవాబు చెప్పవలసివచ్చునందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఘాటు మద్యముల విషయమున ఈ వాదమును మేమును అంగీకరింతుము. తలంటు మందు సీసాలలో రమ్ము నింపి తెచ్చువారును, పుక్కిలించు మందు రంగు కలిపి ఓడ్కాను దాచువారును ఉన్నమాట నిజమే. ఈ దొంగతనపు నేర్పును గొప్పగా చెప్పుకొనుట మరియు విడ్డూరము. హక్కు కావలెనన్నవాడు దానిని బాహాటముగ అడుగవలెనుగాని సబ్బుపెట్టెలో దాచి తేరాదు.

ఐన నీ క్షేమచింత యెంతవరకు నిలుచునో చూతము. అదే కార్నివాల్ ఓడపై చీర్స్ అను పేర నొక ఏర్పాటు గలదు. దినమునకింతయని ముందుగా సొమ్ము కట్టినవారికి దినమునకు 15 మార్లు మద్యము పోయుదురు. పదునైదు! ఒక గదిలోని పెద్దవారిలో ఒకరు ఈ ఏర్పాటున చేరిన, తక్కిన పెద్దలును చేరితీరవలెనని షరతు. 750 మిల్లీలీటర్ల సీసాలో అయిదు గ్లాసుల వైను వచ్చును. ఏడు దినముల యాత్రకు యాత్రికుడు తనవెంట తెచ్చుకొనదగినది అయిదు గ్లాసులు. కంపెనీవారు అతనికి పోయుటకు సిద్ధపడినవి నూటయైదు. ఈ నూటయైదింటివలన కలుగని అపాయము ఆరవ గ్లాసువలన కలుగునని నమ్ముటకు మేము సిద్ధముగా లేము.

అసలు కారణము వైద్యశాస్త్రమున లేదు, ఖాతాపుస్తకములో నున్నది. కార్నివాల్ కార్పొరేషన్ యొక్క 2023వ సంవత్సరపు మొత్తము ఆదాయము సుమారు 2,160 కోట్ల డాలర్లు. అందులో టిక్కెట్ల వలన గాక, పానశాల, జూదశాల, దుకాణములు, రేవులలోని విహారములు మొదలగువానివలన వచ్చినది సుమారు 750 కోట్లు. అనగా మూడింట నొకవంతు. టిక్కెట్టు ధర తక్కువచేసి చూపి, ఎక్కిన పిమ్మట నాలుగు దిక్కులను వసూలు చేయుట యీ వర్తకమునకు ప్రాణాధారము. ఇది నేరమని మేమనము. ఎవని వర్తకము వానిది. కాని లాభముకొరకు పెట్టిన నియమమునకు లాభముకొరకే పెట్టితిమని చెప్పుకొను ధైర్యముండవలెను.

2015లో జరిగిన సంగతి నిచ్చట జ్ఞాపకముచేయుట అవసరము. ఆ యేడు జూలైనుండి కార్నివాల్ వారు యాత్రికులు మంచినీళ్ల సీసాలను సైతము వెంట తేరాదని ఆజ్ఞాపించిరి. నీళ్ల సీసాలలో మద్యము దాచి తెచ్చుచున్నారనియు, వానిని పరీక్షించుటలో ఓడ యెక్కించు పని ఆలస్యమగుచున్నదనియు కారణములు చెప్పిరి. డబ్బాలలోని పానీయములకు ఒక మితము నిలిపిరి. తాము ముందుగా అమ్ము నీళ్ల ధరను తగ్గించిరి. తగ్గించుట మెచ్చవలసినదే. కాని క్రమమును గమనింపుడు: మొదట రమ్ము, తరువాత రమ్మును దాచగల నీళ్లు. ఒక వస్తువును అమ్ముటలో ఏకస్వామ్యము చేతబట్టినవాడు దానిని కాపాడుకొనుటకు పొరుగు వస్తువుపై చేయి వేయక తప్పదు. ఉప్పు పన్ను నాళ్లను ఎరిగిన వంశములవారికి ఈ నడక క్రొత్తది కాదు.

ఇక బిరడా రుసుము. పరాయి సీసా బిరడా తీసి వడ్డించినందుకు భోజనశాలలవారు పుచ్చుకొను కూలికి పాశ్చాత్యులు కార్కేజి యని పేరు పెట్టిరి. దీనిని మేము తప్పుపట్టము. గ్లాసు వారిది, బల్ల వారిది, వడ్డించు మనిషి వారివాడు, కడుగు నీరు వారిది. మన ఊరి హోటలులో ఇంటినుండి తెచ్చుకొన్న అన్నపు మూట విప్పిన యజమాని ఊరకుండునా? పని చేసినచోట కూలి న్యాయము. కాని తాను అద్దె యిచ్చిన గదిలో, తన చేత్తో బిరడా తీసికొని, పండ్లు తోముకొను గ్లాసులో పోసికొని త్రాగినవాని యొద్దను అదే కూలి వసూలు చేయుట ఏ పనికి ప్రతిఫలము? అది కూలి కాదు, సుంకము. సుంకము విధించుట ప్రభువుల పని. బహామాస్, పనామా జెండాల క్రింద తిరుగు ఓడలకు నడిసముద్రమున ప్రభువులెవ్వరో యాత్రికులకు కష్టము వచ్చిననాడుగాని తెలియదు.

ఒకప్పుడు సీసాకు ముద్రవేయు అధికారము నిజముగనే ప్రభుత్వముల చేతిలో నుండెను. అమెరికాలో మద్యనిషేధము నడచిన 1920-33 నడుమ, పరదేశపు ఓడలు తమ మద్యమును ముద్రవేసి కొట్టులో పెట్టియు అమెరికా జలములలోనికి తేవచ్చునా యను వివాదము సుప్రీంకోర్టుదాక పోయెను. 1923లో క్యునార్డ్ కంపెనీవారి వ్యాజ్యమున తేరాదని తీర్పాయెను. ఆ తీర్పే అమెరికా జలములు దాటిన పిమ్మట అమెరికా ఓడలకు ఆ చట్టము వర్తింపదనియు చెప్పెను. మరుసటి యేడు బ్రిటనుతో సంధి కుదిరి, ముద్రవేసిన మద్యము లోనికి రానిచ్చిరి. నాడు కోర్టు నెక్కి సీసాలకై పోరాడినవారు ఓడల యజమానులు. నేడు యాత్రికుని సీసాకు ముద్రవేయువారును వారే. కాలమెంత చమత్కారి!

మీ కిష్టము లేకున్న ఎక్కవలదు, షరతులకు ఒప్పుకొనియే గదా టిక్కెట్టు కొంటిరి, అని కంపెనీ న్యాయవాది యనును. వృత్తిచేత ఈ వాదము మాకు పరిచితమే. కాని ఒప్పుకొనుట యెట్టిదో 1991లో అమెరికా సుప్రీంకోర్టు తీర్మానించిన కార్నివాల్ వ్యాజ్యము చూచిన తెలియును. వాషింగ్టన్ రాష్ట్రపు దంపతు లొకరు లాస్ ఏంజెలిస్‌లో ఓడ యెక్కిరి. వంటశాల చూపించుచుండగా భార్య జారిపడి గాయపడెను. వారు తమ రాష్ట్రమున దావా వేయగా, టిక్కెట్టుపై సన్నని అక్షరములలో వివాదములన్నియు ఫ్లోరిడా కోర్టులలోనే తీరవలెనని యున్నదని కంపెనీవారు చూపిరి. ఏడుగురు న్యాయాధిపతులు కంపెనీ పక్షమును, ఇద్దరు దంపతుల పక్షమును వహించిరి. భిన్నాభిప్రాయము వ్రాసిన జస్టిస్ స్టీవెన్స్ ఆ టిక్కెట్టు ప్రతిరూపమునే తన తీర్పునకు అనుబంధముగ చేర్చెను. అక్షరములు చూచి యెవరికివారే తెలిసికొనుడనుట ఆయన భావము. సొమ్ము చెల్లించిన తరువాతగాని ఆ షరతులు యాత్రికుని కంటబడవనియు, అప్పుడు మానుకొన్న సొమ్ము తిరిగి రాదనియు ఆయన యెత్తిచూపెను. మెజారిటీ తీర్పే చట్టమైనను, మా మనస్సు ఆ అనుబంధమునొద్దనే నిలిచినది.

మన సుప్రీంకోర్టు ఇట్టి ప్రశ్ననే నేలమీద విచారించినది. సినిమాహాలులోనికి బయటి తినుబండారములు తేనీయవలెనని జమ్మూకాశ్మీర్ హైకోర్టు 2018లో ఆజ్ఞాపింపగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞను రద్దుచేసి, హాలు యజమాని స్వంత ఆస్తియనియు, నిబంధన పెట్టు హక్కు అతనికి గలదనియు చెప్పెను. ఐతే త్రాగునీరు ఉచితముగ నీయవలెననియు, పసిబిడ్డలకు తెచ్చిన ఆహారమును అడ్డగింపరాదనియు చెప్పెను. ఈ తీర్పును ఓడవారు తమకు అనుకూలముగ ఎత్తుకొనవచ్చును. కాని సినిమాకు పోయినవాడు మూడు గంటలలో వీధిన పడి, తనకు నచ్చిన దుకాణమున నచ్చిన ధరకు కొనుక్కొనును. నడిసముద్రమున రెండవ దుకాణ మెక్కడిది? బయటికి పోవు ద్వారము లేనిచోట యజమాని హక్కు విస్తరించుకొలది అతని బాధ్యతయు విస్తరింపవలయును. కోర్టువారు నీటికి చూపిన మినహాయింపులోని సూత్ర మిదియేనని మా యూహ.

ఈ ప్రశ్న మన రేవులకును వచ్చినది. 2022 జూనులో కార్డీలియా వారి ఎంప్రెస్ అను నౌక విశాఖపట్టణమునుండి యాత్రికులతో చెన్నై దిక్కుగా బయలుదేరినది. 1990లో నీటికెక్కిన ఆ ఓడ పూర్వము రాయల్ కరీబియన్ కంపెనీవారిదే. 2023లో విశాఖలో విహారనౌకలకై ప్రత్యేకముగ నొక రేవుకట్టడమును తెరచిరి. ఓడలు వచ్చుచున్నవన్న, వానితో షరతుల కాగితములును వచ్చుచున్నవన్నమాట.

ఇచ్చట మన యాత్రికునికి అమెరికా దంపతులకు లేని ఆధారములు రెండు గలవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తాను కాపురమున్న ఊరి పరిధిలోనే ఫిర్యాదు చేసికొనవచ్చును; అన్యాయమగు ఒడంబడికను రాష్ట్ర కమీషను నెదుట ప్రశ్నింపవచ్చును. సీసాయొక్కదానికొరకు కమీషను నెక్కుమని మేము చెప్పుట లేదు. కంపెనీలను మేము కోరునది స్వల్పము. ఏమి తేవచ్చును, ఏమి తేరాదు, తెచ్చిన రుసుమెంత, లోపల గ్లాసు ధర యెంత అను నాలుగు సంగతులను సొమ్ము పుచ్చుకొనకమునుపు, టిక్కెట్టు ధర ప్రక్కనే, అంతే అక్షరములలో, మన రేవులనుండి పోవు ఓడలలో తెలుగునను అచ్చువేయవలెను. గదిలో త్రాగినదానిపై రుసుము మానవలెను. త్రాగునీటి నీ బేరములోనికి లాగరాదు. పానశాల ఖాతాకొరకు పెట్టిన నియమమును క్షేమము పేర చలామణి చేయరాదు. రేవు అధికారులు ఓడను కట్టనిచ్చుటకు ముందే ఆ షరతుల కాగితమును తెప్పించి చదివిన, తరువాతి తగవులు సగము రేవులోనే తీరును.